క్విజోవా

“ఒక్క నిమిషమే బావా! దాటిందంటే ఓడినట్టే!”

మరదలు సృజన ఫోన్‌లో టైం పెట్టింది. అరుణ్‌కుమార్ చేతిలో మూడు కాగితం ముక్కలున్నాయి. ఒకదాని మీద క్యూ, ఒకదాని మీద జెడ్, ఇంకోదాని మీద వి. ఈ మూడక్షరాలూ ఉన్న ఇంగ్లీషు పదం ఒకటి చెప్పాలి. ఇద్దరికీ చెరి నాలుగు పాయింట్లు. ఇదే ఆఖరి ఆట.

ఓడినవాళ్లు సాయంత్రం అందరి చేతుల్లో జమ్మి ఆకు పెడుతూ, మనిషి మనిషికీ “నాకు ఇంగ్లీషు రాదు” అని చెప్పాలి. అదీ పందెం. పెట్టింది సృజన కాదు, అరుణే. బుద్ధున్న కొత్తల్లుడెవడూ అత్తగారింట్లో మొదటి దసరాకు ఇలాంటి పందెం కాయడు. సుల్తానాబాద్‌లో జమ్మికి వాడ వాడంతా కదిలి వస్తుంది మరి!

ఇంతా చేస్తే అతని ఇంగ్లీషెంత? కరీంనగర్‌లో ఒక గ్రానైట్ కంపెనీ ఆఫీసులో పని. వచ్చిన ప్రతి మెయిలుకూ ‘నోటెడ్, థాంక్యూ’ అని కొడతాడు. మెయిలు మరీ పొడుగ్గా ఉంటే చివర ‘సర్’ తగిలిస్తాడు. ఆ సంగతి ఆఫీసులో అటెండరుకు కూడా తెలుసు. అత్తగారింట్లోనే తెలియదు. పొద్దున గారెలు తింటూ “మా ఆఫీసుల తెలుగు మాట్లాడితే ఫైనేస్తరు” అని కోతలు కోసింది తనే.

“ముప్పై సెకన్లే ఉన్నయ్!”

అరుణ్‌కు క్యూకి క్వీన్ దొరికింది. జెడ్‌కి జూ దొరికింది. రాణిని తీసుకెళ్లి జూలో పెట్టినా వి మిగిలిపోతోంది. నోటి దూల అంటే ఇదేరా అని తనను తానే తిట్టుకున్నాడు.

“ఐదు... నాలుగు... మూడు...”

“క్విజోవా!”

అన్నది తనేనా అని అరుణే ఉలిక్కిపడ్డాడు.

“క్విజోవానా? అంటే ఏంది?”

“గ్రానైట్ రాయికి పాలిష్ పెట్టినంక మీద మెరుస్తది సూడు, గా మెరుపును క్విజోవా అంటరు.”

“నేనెన్నడు వినలే!”

“నువ్వేమన్న గ్రానైట్ కంపెనీల చేస్తున్నవా, వినెతందుకు?”

సృజన ఫోన్‌లో వెతకబోయింది. వంటింట్లోంచి వచ్చిన అత్త బాలవ్వ ఆ ఫోన్ లాక్కుంది.

“ఏమే, అల్లుడు చెప్పిన మాటను ఫోన్ల చూస్తవా? పండుగ పూట ఇంటి అల్లున్ని అబద్ధాలోన్ని చేస్తవానే?”

“అట్ల కాదే అవ్వా, ఆట ఆటే గదా!”

“ఏం ఆటనో ఏమో! గా మెరుపు మన గడప రాయి మీద సుత ఉన్నది. రోజు తుడుస్తున్న గని దాని పేరే తెల్వకపాయె. ఏమంటివి బిడ్డా, క్విజోవానా?”

అరుణ్ అవునన్నట్టు తలూపాడు. ఆమె నమ్మకం చూస్తే అతనికి నిజంగానే సిగ్గేసింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. చేతిలో జమ్మి ఆకు పట్టుకుని వాడంతా తిరగడం కళ్లముందు మెదిలింది. తెరిచిన నోరు మూసేశాడు.

సృజన మాత్రం వదల్లేదు. “అయితే పెద్దబావను అడుగుదాం. ఇంగ్లీషు సారు ఉన్నదంటే నేనొప్పుకుంట.”

ఇంటి పెద్దల్లుడు రాంచందర్ చొప్పదండిలో కాలేజీ లెక్చరరు. ఇంట్లో చిన్నా పెద్దా అతన్ని ‘ఇంగ్లీషు సారు’ అనే అంటారు. ఇప్పటిదాకా ముందు గదిలో మంచం మీద, మొహాన పేపరు కప్పుకుని పడుకుని ఉన్నాడు.

“పెద్దబావా! ఇంగ్లీషుల క్విజోవా అని ఉన్నదా?”

రాంచందర్ పేపరు తీశాడు. కళ్లద్దాలు పెట్టుకుని అరుణ్‌ను ఎగాదిగా చూశాడు. నాకు ఇంగ్లీషు రాదు, నాకు ఇంగ్లీషు రాదు అని అరుణ్ లోలోపల అప్పుడే వల్లె వేసుకుంటున్నాడు.

“ఉన్నది,” అన్నాడు రాంచందర్ గంభీరంగా. “పాత పదం. గీ కాలం పిల్లలకు తెల్వది.”

సృజన మూతి ముడుచుకుని కాగితం ముక్కలు గిన్నెలో పడేసింది. బాలవ్వ మొహం వెలిగిపోయింది. భోజనాల దగ్గర చిన్నల్లుడి విస్తట్లో అడగకుండానే ఇంకో గరిటె మటన్ పడింది.

తిన్నాక చేతులు కడుక్కుంటుంటే నల్లా దగ్గర రాంచందర్ ఒంటరిగా దొరికాడు.

“అన్నా, నీ కాళ్లు మొక్కుత. అసొంటి పదమే లేదు, నేనే పుట్టిచ్చిన. ఇంగ్లీషు సారువు నీకు తెల్వకుంటదా? తెల్సి సుత నన్నెందుకు కాపాడినవ్?”

రాంచందర్ వెనక్కి తిరిగి వంటింటి వైపు ఒకసారి చూసుకున్నాడు. నల్లా చప్పుడులో వినిపించీ వినిపించనట్టు అన్నాడు:

“ఉన్నదో లేదో నాకేం తెల్సు తమ్మీ! నేను కాలేజీల చెప్పేది జువాలజీ. నా మొదటి దసరకు నేను సుత గిట్లనే గెలిచిన, గప్పట్నించి గీ ఇంట్ల ఇంగ్లీషు సారునైన!”