నీలం పిల్ల కోసం

"నన్ను నిలువునా మోసం చేశావయ్యా!" అంటూ కళ్ళజోళ్ళ దుకాణం ఆయన పంజరాన్ని పిట్టల షాపు బల్లమీద ధడాలున పెట్టాడు. లోపలున్న రెండు లవ్‌బర్డ్స్ బెదిరి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆయన రెండో చేతిలో అవి గుడ్లు పెట్టే చెక్కపెట్టె ఉంది.

షాపతను కొర్రల డబ్బా కింద పెట్టాడు. "ఏమైంది సార్?"

"ఏమైందా? నలభై రోజులు! ఆరు గుడ్లు! ఒక్కటీ పిల్ల కాలేదు. పనికిమాలిన మగపిట్టని నాకంటగట్టావు."

"నిరుడు ఈ జంటే కదా సార్ పద్దెనిమిది పిల్లల్ని చేసింది?"

"చేసింది. పద్దెనిమిదీ ఆకుపచ్చవే! నీలం పిల్ల పుడుతుందన్నది ఎవరు? నువ్వు కాదూ?"

"పుట్టొచ్చు అన్నాను సార్. పుడుతుందనలేదు."

ఆ తేడా ఆయనకి పట్టలేదు. ఆరుగురు అక్కల తర్వాత పుట్టినవాడు. కావాలన్నది కాకుండా పోవచ్చని ఆయనకి చిన్నప్పటినుంచీ ఎవరూ చెప్పలేదు. పిట్టలంటే ప్రేమ లేదని కాదు. మొదటిసారి పిల్లలు కళ్ళు తెరిచిన రోజు దుకాణం మూసేసి, పెట్టె ముందు పసివాడిలా కూర్చున్నాడు. ఆ తర్వాతే ఈ నీలం పిచ్చి పట్టింది. వచ్చే నెల పక్షుల ప్రదర్శనకి నీలం పిల్లతో వస్తానని కనిపించినవాడికల్లా చెప్పేశాడు. ఇప్పుడు ఉత్త చేతులతో వెళ్ళి తల ఎక్కడ పెట్టుకోవాలి?

షాపతను పెట్టె మూత తీసి ఒక గుడ్డు బయటికి తీశాడు. సెల్‌ఫోన్ లైటుకి ఆనించాడు. వెలుగు లోపలికి పోలేదు. గోటితో కొట్టాడు. టక్కుమంది. ఇంకోటి తీశాడు. అదీ టక్కే.

"ఇవి పిల్లలు కావు సార్."

"అదేగా నేనూ మొత్తుకునేది!"

"ఎన్నాళ్ళు పొదిగినా కావు. ప్లాస్టిక్‌వి."

ఊరందరి చూపూ సరిచేసే మనిషి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. రోజూ పొద్దున్నే టార్చి వేసి లెక్కపెట్టిన గుడ్లే అవి. ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందేమోనని ఒక్కనాడూ ముట్టుకోలేదు.

"గుడ్లు తీసేస్తే పిట్ట మళ్ళీ పెడుతుంది. వాటి చోట మనం ఇవి పెడితే తనవే అనుకుని కూర్చుంటుంది, ఎప్పటికో విసుగొచ్చి లేస్తుంది. ఈలోగా ఒళ్ళు కోలుకుంటుంది." షాపతను ఆడపిట్టని మెల్లగా గుప్పిట్లోకి తీసుకున్నాడు. "ఈ రొమ్ము ఎముక చూడండి. ఏడాదిలో ఐదుసార్లు గుడ్లంటే మాటలా? ఇప్పుడిప్పుడే కాస్త కండ పడుతోంది."

"ఉపన్యాసం ఆపు. ఇవెక్కడివి?"

"నా షాపువే. మీ ఇంటివాళ్ళే కొన్నారు. ఎవరని అడక్కండి, చెప్పనని మాటిచ్చాను."

ఇంటివాళ్ళంటే ఇంకెవరు? ఆయన పంజరం ఒక చేత్తో, పెట్టె ఒక చేత్తో పట్టుకుని పళ్ళు నూరుకుంటూ ఇంటికి నడిచాడు.

భార్య బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. తల్లి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని పిట్టల మేతలో రాళ్ళు ఏరుతోంది.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను!" ఆయన పెట్టెని బల్లమీద బోర్లించాడు. గుడ్లు దొర్లుకుంటూ నేలమీద పడ్డాయి. ఒక్కటీ పగల్లేదు.

"ఏంటండీ ఇది?" అంది భార్య.

"ప్లాస్టిక్ గుడ్లు! అసలువి ఏం చేశావు?"

"నేనా? ఆ పెట్టె ఛాయలకి నన్ను రానిచ్చారా ఎప్పుడైనా? నా నీడ పడితే పిట్ట బెదురుతుందని చుట్టూ తిరిగి వంటింట్లోకి వెళ్ళమన్నారు. ఇప్పుడు నేను దొంగనా?" చేతిలోని తడిబట్టని బకెట్లోకి విసిరికొట్టింది. "మీ పిట్టకున్న మర్యాదలో సగం నాకుంటే చాలు!"

"నువ్వు కాకపోతే మరి ఎవరు? దెయ్యమా?"

"నేను" అంది తల్లి, చాటలోంచి తల ఎత్తకుండానే.

"అమ్మా! నువ్వా?" ఆయన గొంతు ఒక మెట్టు దిగి, మళ్ళీ రెండు మెట్లు ఎక్కింది. "ఆరు గుడ్లు! వాటిలో నీలంది ఉండేదేమో! నీకెందుకీ పెత్తనం?"

తల్లి చాట పక్కన పెట్టింది. ఆమెకి కోపం రావడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. ఇప్పుడు వచ్చింది.

"పోయినసారి దానికి గుడ్డు అడ్డంపడ్డ రోజు నువ్వు దుకాణంలో ఉన్నావు. వేడిగుడ్డలో చుట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను. కళ్ళు తేలేసింది పాపం. నువ్వొచ్చి ఏమడిగావురా? గుడ్డు దక్కిందా అన్నావు. పిట్ట దక్కిందా అనలేదు. పదిరోజులు తిరక్కుండా మళ్ళీ పెట్టె కట్టావు. ఈసారి నీలం, ఈసారి నీలం! ఆ మాట వింటుంటే నా ఒళ్ళు మండిపోయింది."

"పిట్టలన్నాక గుడ్లు పెట్టక ఏం చేస్తాయమ్మా? వాటి సంగతి నీకేం తెలుసు?"

తల్లి వంగి, కాళ్ళ దగ్గరికి దొర్లొచ్చిన గుడ్డు తీసింది. దాన్ని కొడుకు అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"తెలుసు నాయనా. ఆరో ఆడపిల్ల పుట్టినప్పుడు నాకెవరైనా ఇలాంటివి కొనిచ్చుంటే, ఇవాళ నామీద అరవడానికి నువ్వుండేవాడివి కావు."