తిండి అడగని చేప

చలికొండ మీద మోకాలి లోతు చెరువొకటి ఉండేది. చెరువన్నాక చేప లేకపోతే నామోషీ అనుకుంది అందులో ఉండే కప్ప. కానీ దానికి చాకిరీ అంటే గిట్టదు.

ముందు బొచ్చె చేప వచ్చి, "నాకు లోతు కావాలి, రోజూ తవుడు వేయాలి" అంది.

"నీకో దండం తల్లీ" అని కప్ప పంపేసింది.

తర్వాత కొర్రమీను వచ్చింది. "నాకీ లోతు చాలు మామా. చలేస్తే బురదలో దూరతాను. తిండి సంగతి నేనే చూసుకుంటాను."

కప్ప మురిసిపోయింది. ఇంకా తోకలైనా రాలని తన పిల్లలందరినీ పిలిచి, "ఇలా ఉండటం నేర్చుకోండి" అని కొర్రమీనును చూపించింది.

వారం తిరక్కుండానే పిల్లలు సగమయ్యారు. "మిగతావాళ్లేరీ?" అని కప్ప గుండెలు బాదుకుంది.

కొర్రమీను నొచ్చుకుంది. "నీకు శ్రమెందుకనే కదా మామా, నిన్నడగలేదు."