తలుపు మీది బొమ్మలు

"తలుపు మారుస్తా సరే, ఈ బొమ్మలు పీకేయనా అమ్మా?" అన్నాడు వడ్రంగి.

"పీకండి. కానీ కొత్త తలుపుకి మళ్లీ ఇదే వరుసలో అంటించాలి," అంది ఆమె.

పాత తలుపు లోపలివైపు వరుసగా కాగితపు బొమ్మలు. దువ్వెన, పొయ్యి, తాళంచెవి, చెప్పులు. చిట్టచివర ఒక గ్లాసు. దాని మీద ఎర్రటి అడ్డగీత.

"పిల్ల గ్లాసులు పగలగొడుతుందా?"

"పగిలితే అతకనిది ఒకటుంది లెండి."

"మావాడికైతే రెండు తగిలిస్తే అన్నీ గుర్తుంటాయి."

"మా బుజ్జిది మొండితనం కాదండీ. దాని కన్నతల్లి కడుపుతో ఉండగా మందు తాగేది. వద్దని చెప్పినవాళ్లు లేరు, మానడానికి సాయపడినవాళ్లూ లేరు. ఆ మందు లోపలి బిడ్డ మెదడుకి తగిలింది. తర్వాత పెంచుకున్నది నేను. తిట్టి చూశాను, ఇద్దరం ఏడ్చాం. బొమ్మలు గీశాను, ఇద్దరం నేర్చుకున్నాం."

"ఇప్పుడు ఏ బడి?"

"దాని బడి ఈ తలుపేనండీ."

వడ్రంగి పాత తలుపు ఊడదీశాడు. కొత్త తలుపు బిగించి, బొమ్మలు అంటించి, గొళ్లెం తేవడానికి కిందికి దిగాడు.

లోపలి గదిలోంచి బుజ్జి వచ్చింది. పై అంతస్తులో పుట్టినరోజు వేడుక. మొదటిసారి ఒంటరిగా వెళుతోంది. తలుపు ముందు నిలబడి పాఠంలా వల్లించింది.

"దువ్వుకున్నా. పొయ్యి ఆర్పేశా. తాళంచెవి ఉంది. చెప్పులు..." అని కాలు ముందుకు చాపింది. "పట్టీ నువ్వే పెట్టమ్మా."

"మహారాణి గారికి వంగడం కూడా నేనే వంగాలి," అంటూ ఆమె నేల మీద కూర్చుని పట్టీ పెట్టింది.

బుజ్జి వెళ్లాక ఆమె చెక్కపొట్టు ఊడవబోయింది. పొట్టు కింద గ్లాసు బొమ్మ. దాన్ని చేతిలోకి తీసుకుంది.

"ఇది అంటించలేదేం?" అంది, అప్పుడే వచ్చిన వడ్రంగితో.

"జిగురు చాల్లేదమ్మా. ఉత్త గ్లాసే కదా అని..."

ఆమె అప్పటికే మెట్లెక్కుతోంది. అతడూ వెనకాలే పరిగెత్తాడు.

పైన తలుపు ఓరగా తెరిచి ఉంది. ఇంటావిడ బుజ్జి ముందు పళ్లెం పట్టుకుని నిలుచుంది; పళ్లెంలో ఎర్రటి మద్యం నింపిన గ్లాసులు.

"నా పుట్టినరోజు కదే, కాదనకు. ఒక్క గుక్కకేం కాదు."

బుజ్జి చేయి చాపింది. తల్లి పిలవబోయింది.

అంతలో బుజ్జి కళ్లు ఆ ఇంటి తలుపు వైపు తిరిగాయి. అక్కడ ఏ బొమ్మా లేదు, వట్టి చెక్క. పెదవులు కదిలాయి. దువ్వెన... పొయ్యి... తాళంచెవి... చెప్పులు... చాపిన వేలు గాలిలో ఒక్కొక్కటీ తాకుతూ జరిగి, చివర ఆగింది. మెల్లగా అడ్డంగా ఒక గీత గీసింది.

"నాకు నీళ్లు చాలు పిన్నీ," అంది.

"లేని బొమ్మని చూసిందమ్మా," అన్నాడు వడ్రంగి, గుడిలో మాట్లాడినంత నెమ్మదిగా. తల్లి కన్నీళ్లు తుడుచుకోవడం కూడా మరిచి చూస్తూ ఉండిపోయింది.

బుజ్జి రెండో చేయి తన ఏడోనెల కడుపును నిమురుతోంది.