అక్క ఇచ్చింది

“నేను ఒప్పుకోను డాక్టరు గారూ,” అన్నాడు టైలరు. “చస్తే చస్తాను. అక్క ఇచ్చిన కిడ్నీని మాత్రం పోగొట్టుకోను.”

పక్క కుర్చీలో కూర్చున్న అక్కకు ఒళ్లు మండింది. నాలుగేళ్ల కిందట ఆమె ఇచ్చిన కిడ్నీ నిక్షేపంగా పనిచేస్తోంది. ఇప్పుడు తమ్ముడి కాలేయంలో క్యాన్సర్ గడ్డ లేచింది. వీడేమో కిడ్నీని పట్టుకుని వేలాడుతూ ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నాడు.

“ఇచ్చింది నేను. పోతే పోనీ అంటున్నదీ నేనే. మధ్యలో నీ పెత్తనమేంట్రా?”

“అదేమన్నా చొక్కానా అక్కా, చిరిగితే ఇంకోటి కుట్టుకోడానికి?”

డాక్టరమ్మ ఓపిగ్గా మళ్లీ మొదలుపెట్టింది. “మన ఒంట్లో కొట్లాడే కణాలుంటాయి. పరాయిదేది కనిపించినా మీద పడతాయి. వాటిని ‘ఇక చాలు’ అని ఆపేవి వేరే ఉంటాయి, రెగ్యులేటరీ టి కణాలని. ఆపేవి లేకపోతే కొట్లాడేవి సొంత ఒంటినే పీక్కుతింటాయి. ఆపేవి ఎక్కువైతే జబ్బు దర్జాగా పెరుగుతుంది. మీ ఒంట్లోంచే ఆ ఆపే కణాలు తీసి, మీ అక్క కణాల జోలికి ఎవర్నీ పోనివ్వకుండా అలవాటు చేసి, కోట్లకొద్దీ పెంచి మీకే ఎక్కించాం. అందుకే కిడ్నీ నిలబడింది. ఇప్పుడు మందుతో వాటిని తగ్గిస్తేనే మిగతావి గడ్డ మీద పడతాయి. కానీ కిడ్నీనీ వదలవు.”

“మళ్లీ డయాలసిస్. వారానికి మూడు రోజులు ఆ మంచం మీద.”

“నేనొస్తాగా తోడు,” అంది అక్క. “నాకు కిడ్నీ కాదురా, నువ్వు కావాలి.”

టైలరు తల దించుకున్నాడు. ఒప్పుకోలు కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టాడు. గుండెల మీంచి బరువు దిగినట్టయింది అక్కకు.

అంతలో నర్సు ల్యాబు రిపోర్టు తెచ్చిచ్చింది. గడ్డలోంచి తీసిన ముక్కకు చేసిన జన్యు పరీక్ష అది. డాక్టరమ్మ చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది.

“ఈ క్యాన్సర్ మీది కాదు,” అంది టైలరుతో. “ఇవి మీ అక్క కణాలు. కిడ్నీతో పాటే వచ్చాయి. మేం ఎక్కించిన ఆపే కణాలు అక్కదే కదా అని దీన్నీ ముట్టనివ్వలేదు. అవి తగ్గితే పరాయిదని మీ ఒళ్లే దీన్ని తరిమేస్తుంది. మీరు గట్టెక్కే అవకాశం చాలా ఉంది.”

“విన్నావురా? బతికిపోయావు,” అంటూ అక్క తమ్ముడి భుజం పట్టుకుని ఊపింది. కళ్లు తుడుచుకుని నవ్వింది.

డాక్టరమ్మ నవ్వలేదు. కుర్చీ అక్క వైపు తిప్పింది.

“ఇది పుట్టింది మీ ఒంట్లో, ఇంకా ఉండొచ్చు కూడా. అక్కడ మాత్రం ఇది పరాయిది కాదమ్మా.”