ఎడమచేతి గోళ్ళ కవరు

హత్యకు గురైన అమ్మాయి కుడిచేతి గోళ్ళలో దొరికిన డీఎన్‌ఏ మా పెద్దసారు డీఎన్‌ఏతో సరిపోయింది. నమూనాల్లో మావాళ్ళ ఉమ్మో చెమటో కలిస్తే తెలియాలని ల్యాబులో అందరిదీ ముందే తీసి ఉంచుతాం.

"నా జలుబే కొంప ముంచిందమ్మా! తుమ్మినప్పుడు తుంపర పడుంటుంది. నమూనా పాడైందని రాసెయ్," అని నవ్వారు సారు.

"హమ్మయ్య! నేనింకా ఏమేమో అనుకున్నాను సార్."

"ఎడమచేతి గోళ్ళ కవరు ఇలా ఇవ్వు. అది నేనే చూస్తాను."

"మనవాళ్ళది కలిస్తే మిగతాది బయటి ల్యాబుకి పంపాలని రూలు పెట్టింది మీరే కదా సార్. సీలు విప్పకుండా పొద్దున్నే పంపేశాను."

సారు లేచి తలుపు గడియ పెట్టారు.

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు తల్లీ?"

ఆ గొంతులో జలుబు జాడే లేదు.