ఎనిమిది వందల గ్రాములు

“బరువు సరిచూశావా?” గ్యారేజీ గుమ్మంలోంచి మేనేజర్ అడిగాడు.

“చూశాను సార్. సరిగ్గా ఉంది,” అన్నాడు మెకానిక్, సీటు కింద చివరి స్క్రూ బిగిస్తూ.

పచ్చి అబద్ధం. సీటు కింద ఉండాల్సిన సీసపు పలక అప్పటికే అతని పనిముట్ల పెట్టె అడుగున, నూనె గుడ్డలో చుట్టి ఉంది. దాని బరువు ఎనిమిది వందల గ్రాములు. రేసు అయ్యాక గెలిచిన బైకును తూకం వేస్తారు. నిబంధనలో ఉన్న బరువుకు ఏ కాస్త తగ్గినా ఆ గెలుపు చెల్లదు. ఈ బండి మరీ తేలిక కాబట్టి ఆ పలక పెట్టి బరువు సరిపెడుతుంటారు. మేనేజర్ మళ్లీ తూచి చూడకుండానే వెళ్లిపోయాడు. మెకానిక్ మాట మీద ఆ జట్టులో అంత నమ్మకం.

సీజన్‌లో ఇదే ఆఖరి రౌండు. ఇవాళ గెలిస్తే ఈ బండి నడిపే పిడుగు ఛాంపియన్. పిడుగు అన్నది అభిమానులు పెట్టిన పేరు. మెకానిక్ మాత్రం మనసులో అతన్ని ‘వాడు’ అనే అనుకునేవాడు.

రెండేళ్ల కిందట ఇదే ట్రాక్ మీద, నాలుగో మలుపులో, రేసులో ముందు వెళ్తున్న మెకానిక్ సొంత అన్న బండి మీంచి పడిపోయాడు. వెనకే ఉన్నది పిడుగు. లేచిన దుమ్ములో కెమెరాలకు ఏమీ చిక్కలేదు. ‘వెనక నుంచి గుద్దాడు’ అని ఆస్పత్రి మంచం మీద అన్న చెప్పాడు. పిడుగు ఒక్క మాట వాదించకుండా ఆరు రేసుల నిషేధం అనుభవించి వచ్చాడు. అన్న మాత్రం చక్రాల కుర్చీలోంచి లేవలేదు. అన్న గెలిచిన ప్రతి రేసుకూ బండి బిగించింది తమ్ముడే. ఇద్దరి బతుకులూ ఆ మలుపులోనే ఆగిపోయాయి.

ఈ ఏడాది పిడుగు ఈ జట్టులో చేరుతూ, తన బండికి ఇతనే మెకానిక్‌గా కావాలని పట్టుబట్టాడు. ఎంత పొగరు! నా చేతే వాడి బండి తుడిపించుకోవాలని కాబోలు, అని మెకానిక్ పళ్లు నూరుకుని మరీ ఒప్పుకున్నాడు.

ఫోన్ మోగింది. అమ్మ.

“ఇవాళేనా?”

“ఇవాళేనమ్మా.”

“పడేస్తావా ఏం? వద్దురా, ఆ పాపం మనకెందుకు?”

“పడేయను. పడితే జనం అయ్యో పాపం అంటారు. కప్పు ఎత్తాక లాక్కుంటే దొంగ అంటారు. నాకు కావాల్సింది అదీ.”

“అయితే సరే. వాడి మొహం నేను టీవీలో చూడాలి,” అని అమ్మ పెట్టేసింది.

పిడుగు హెల్మెట్ చంకన పెట్టుకుని వచ్చాడు. “తమ్ముడూ, అన్న ఎలా ఉన్నాడు?”

ప్రతి రౌండుకూ ఇదే ప్రశ్న.

“కూర్చునే ఉన్నాడు,” అన్నాడు మెకానిక్.

పిడుగు హెల్మెట్ తగిలించుకుని బండెక్కాడు.

ఇరవై రెండు ల్యాప్‌లూ మెకానిక్ రెప్ప వేయలేదు. వాడే గెలవాలని అంత గట్టిగా కోరుకున్నవాడు ఆ ట్రాక్ చుట్టుపక్కల ఇంకొకడు ఉండడు. ఆఖరి మలుపులో పిడుగు ఇద్దర్ని దాటి ముగింపు గీత తాకాడు. జట్టంతా గంతులేసింది. మేనేజర్ ఏడ్చేశాడు. పిడుగు కప్పు ఎత్తాడు, ముద్దు పెట్టుకున్నాడు, భార్యకు ఫోన్ చేసి అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడువు, ఇంకాసేపు ఏడువు, అనుకున్నాడు మెకానిక్. అతని కడుపు చల్లబడింది.

పావుగంటకు బండి తూకం మీదికెక్కింది. తనిఖీ అధికారి అంకె చూసి, బండి దింపించి, మళ్లీ ఎక్కించాడు.

“ఎనిమిది వందల గ్రాములు తక్కువ. పలక ఏది?”

మేనేజర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. పిడుగు మెకానిక్ వైపు తిరిగి మెల్లగా అడిగాడు, “మర్చిపోయావా, తమ్ముడూ?”

“లేదు,” అన్నాడు మెకానిక్, కళ్లలోకి సూటిగా చూస్తూ.

పిడుగు ఒక్క క్షణం తల వంచుకున్నాడు. తర్వాత అధికారితో, “నేనే తీశాను. వీళ్లెవరికీ తెలియదు,” అన్నాడు.

టైటిల్ రద్దు, ఏడాది నిషేధం. కప్పు వెనక్కి ఇచ్చి బయటికి వస్తుంటే, పొద్దున ఆటోగ్రాఫ్ కోసం ఎగబడ్డవాళ్లే “దొంగ! దొంగ!” అని అరిచారు. పిడుగు ఎవరితోనూ ఏమీ అనకుండా నడిచిపోయాడు. దొంగకు వాదించే నోరు ఎక్కడుంటుంది, అనుకున్నాడు మెకానిక్. జట్టు లారీల వెనక్కి వెళ్లి అన్నకు ఫోన్ చేశాడు.

“అన్నయ్యా, టీవీ చూశావా?”

“చూశాను. పలక తీసింది నువ్వే కదూ?”

“నేనే! నీ కాళ్లు తీసినవాడి పరువు తీశాను. ఇక హాయిగా నిద్రపడుతుంది నాకు.”

అవతల వదిన టీవీ కట్టేయడం వినిపించింది.

“తానే తీశానని అతను చెప్పాడటగా?” అన్నాడు అన్న.

“చెప్పాడు. ఇన్నాళ్లకు సిగ్గొచ్చిందేమో.”

“సిగ్గు కాదురా. ఆస్పత్రిలో నేనే అతని చేతులు పట్టుకుని బతిమాలాను, నీకు ఎప్పటికీ తెలియనివ్వొద్దని. తెలిస్తే నువ్వు మళ్లీ పానా పట్టుకోవని నా భయం. ఇచ్చిన మాట ఇవాళ్టికీ నిలబెట్టుకున్నాడు.”

“ఏం తెలియనివ్వొద్దని?”



“అతను నన్ను తాకనే లేదురా, నువ్వు బిగించిన బ్రేకే ఊడిపోయింది.”