శామ్యూల్ కనుబొమ్మలు

శామ్యూల్ మళ్ళీ కనుబొమ్మలెగరేశాడు. వెంటనే నవ్వాడు కూడా.

ఎదురుగా పాటల బృందంలో నిలబడ్డ ఎస్తేరు చరణం మధ్యలో తడబడింది.

వెనక చాప మీద కూర్చున్న ఆమె తల్లి సంతోషమ్మకు ఒళ్ళు మండింది. వరుసగా ఇది మూడో ఆదివారం! ఎమ్మిగనూరులోని ఆ చిన్న చర్చిలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు కూర్చుంటారు. శామ్యూల్ చక్రాల కుర్చీ మాత్రం ఏ వరుసలోనూ పట్టదు. గోడ పక్కన, సరిగ్గా పాడే అమ్మాయిలకు ఎదురుగా ఉంటుంది. అదృష్టమంటే అదీ!

ఆరాధన అయిందో లేదో, సంతోషమ్మ పాస్టరు కృపానందం గారిని పట్టుకుంది.

"అయ్యగారూ, ఆ లెక్కల సారు శామ్యూలు నా బిడ్డను సూసి కనుబొమ్మలెగరేస్తాండాడు. నవ్వుతాండాడు. వచ్చే వారం నుంచి దీన్ని ఆదోనికి, మా చెల్లెలింటికి పంపిస్తా. ఆడే చర్చికి పోతాది."

పాస్టరు గారు గోడ పక్కనున్న కుర్చీ వైపు చూశారు. శామ్యూల్ ముఖం మాడిపోయింది. ఎస్తేరు లేని ఆదివారం అతని ఊహకే అందలేదు.

ఎస్తేరే ముందుకొచ్చింది. సెల్‌ఫోన్ షాపులో పనిచేసే పిల్ల, భయమెందుకు?

"అమ్మా, ఆయనకు మెడ కింద ఏదీ కదలదు కదా. ఫోను ముఖంతోనే నడపాల. కనుబొమ్మలెత్తితే పాటల పుస్తకంలో పేజీ తిరుగుతాది. నవ్వితే పాట తెరుచుకుంటాది. ఆ సెట్టింగు పెట్టిచ్చింది నేనే."

"ముఖం సూసి ఫోను పని చేస్తాదా?"

"చేస్తాదమ్మా. కెమెరా చూస్తాంటుంది."

సంతోషమ్మ కుర్చీకి బిగించిన ఫోను వైపు చూసింది. దాని వీపే కనిపించింది. తన ముఖం చూసి అది ఏం నొక్కేసుకుంటుందోనని దగ్గరికి మాత్రం పోలేదు.

"యాదీ, పాడు నాయనా, సూస్తా."

శామ్యూల్ కనుబొమ్మలెత్తాడు. నవ్వాడు. రెండు వందల పద్నాలుగో పాట నాలుగు చరణాలూ తప్పు లేకుండా పాడాడు.

సంతోషమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇలాంటి మనిషినా తను అనుమానించింది!

మరుసటి ఆదివారం ఆమె హడావుడి చూడాలి. శామ్యూల్ కుర్చీని తానే రెండడుగులు ముందుకు తోసింది. ముఖం మీద వెలుతురు పడాలని కిటికీ తెరిపించింది. కూతుర్ని రెక్క పట్టుకుని తెచ్చి అతని ముందే నిలబెట్టింది.

"ఈడే ఉండు, కదలొద్దు. నువ్వు అటూ ఇటూ ఊగితే ఫోను తికమకపడతాది. ఆయప్ప నవ్వితే మూతి ముడుచుకోవద్దు, నువ్వూ నవ్వు. అప్పుడు ఆయప్పకు ఇంకా బాగా నవ్వొస్తాది."

"సరేమ్మా," అంది ఎస్తేరు బుద్ధిగా.

ఆ రోజు ప్రసంగం జరుగుతున్నంతసేపూ కూడా శామ్యూల్ కనుబొమ్మలు ఆగలేదు.

"బైబిలు ఎతుక్కుంటాండాడు," అని సంతోషమ్మ పక్కనున్న సుంకమ్మకు గొప్పగా చెప్పింది.

శామ్యూల్ ఫోను నెల రోజులుగా ఎస్తేరు షాపులో ముక్కలు ముక్కలుగా విప్పి ఉంది. ప్రతి ఆదివారం ఆమె కుర్చీకి బిగిస్తున్నది షాపు అద్దాల బీరువాలో చూపుకు పెట్టే డమ్మీ ఫోను.